పారే నీళ్ల లెక్క

కర్నూలు ఉల్లి మార్కెట్టులో ముప్పై ఏళ్లుగా కమీషన్ వ్యాపారం చేస్తున్న వీరభద్రకు సంచి చూస్తే చాలు, బరువు తెలిసిపోతుంది. గోనెకు ఇంత, మట్టికి ఇంత, తేమకు ఇంత అని తరుగు తీసేసి, మిగిలిందే సరుకంటాడు. అట్లాంటి మనిషి నలభై తొమ్మిదో ఏట తనను తాను తూచుకోవడంలో తప్పు చేశాడు.

డాక్టరు షుగరని చెప్పినప్పుడు నడక మొదలైంది. నడక పరుగైంది, పరుగుకు సైకిలు తోడైంది. డిసెంబరులో మైదుకూరు దగ్గరి జలాశయం వద్ద ట్రయథ్లాన్ పెడుతున్నారని ఎవరో చెప్పారు. కిలోమీటరున్నర ఈత, నలభై కిలోమీటర్ల సైకిలు, పది కిలోమీటర్ల పరుగు, ఒకదాని వెంట ఒకటి. ఈత యాభై అయిదు నిమిషాల్లో ముగించలేనివాళ్లను అక్కడే ఆపేస్తారు. ఈత అనే మాట వినగానే ఆయనకు కూతురు మధులత గుర్తొచ్చింది.

మధులత పదిహేనేళ్లప్పుడు ఈతలో జిల్లాకు రెండోది. రాష్ట్ర శిబిరానికి పిలుపొచ్చింది. వీరభద్ర ఆమెను ఎదుట కూర్చోబెట్టుకుని లెక్క చెప్పాడు. రోజుకు మూడు గంటలు నీళ్లలో పోతే చదువుకు ఎన్ని మిగులుతాయి? గెలిస్తే మాత్రం ఉద్యోగమొస్తుందా? రాదని తేలింది. పంపలేదు. పిల్ల ఏడవలేదు, ఎదురు మాట్లాడలేదు. మళ్లీ నీళ్లలో మాత్రం దిగలేదు. ఇప్పుడు కడపలో ఒక ఆసుపత్రి మందుల షాపులో పని చేస్తోంది. తండ్రి ఫోన్ చేస్తే అడిగినదానికి జవాబు చెబుతుంది. అంతకు మించి ఒక్క మాట రాలదు.

ఈ పోటీ పూర్తి చేయాలి. పతకం ఆమె చేతిలో పెట్టి, నీ ఈత విలువ నాకిప్పుడు తెలిసిందమ్మా అనాలి. తొమ్మిదేళ్ల మౌనానికి అది చాలుతుందని ఆయన అంచనా.

ఆగస్టులో కె.సి. కాలువకు నీళ్లు వదిలారు. ఆయన చిన్నప్పుడు ఈత నేర్చింది అందులోనే. బైకు మీద కొలుచుకుని, ఊరి బయటి వంతెన నుంచి కింది వంతెనకు సరిగ్గా కిలోమీటరున్నర అని తేల్చుకున్నాడు. ప్రతి ఆదివారం పొద్దున్నే పైన దిగేవాడు, కింద తేలేవాడు, ఆటోలో వెనక్కి వచ్చేవాడు. మొదట్లో నలభై నిమిషాలు పట్టింది. అక్టోబరు వచ్చేసరికి ముప్పై.

కాలువ తూములు చూసే లస్కరు గిడ్డయ్య గట్టు మీద బీడీ కాలుస్తూ నవ్వేవాడు.

"సావుకారీ, నువ్వు ఈదుతాండావా, కాలువ నిన్ను మోస్తాండాదా?"

"టైము చూడప్పా, టైము! ముప్పై నిమిషాలు!"

"అట్లయితే ఒగసారి ఎదురు ఈదు, సూద్దాం."

"ఎదురు ఈదేదానికి నేనేమన్నా చేపనా? పోటీలో ఎవురూ ఎదురు ఈదమనర్లే."

ప్రతి వారం కాలువ ఫోటోతో పాటు ఆ అంకె కూతురికి వాట్సాప్‌లో పంపేవాడు. ఆమె పైకెత్తిన బొటనవేలి బొమ్మ ఒకటి తిరిగి పంపేది. దాన్నే ఆయన రెండు మూడు సార్లు తెరిచి చూసుకునేవాడు. చివరికి ధైర్యం చేసి, "చూసేదానికి వస్తావామ్మా?" అని అడిగాడు. "వస్తా" అంది.

పోటీనాడు జలాశయంలో కదలిక లేదు. గాలి కూడా లేదు. నూటపాతిక మంది ఒక్కసారిగా దిగారు. వీరభద్ర తన లెక్క ప్రకారం, దారి గుర్తుగా నీళ్లపై తేలే బుడ్డల్లో మొదటిదాన్ని పది నిమిషాల్లో తాకాలి. తాకి గడియారం చూసుకుంటే ఇరవై. చెడిపోయిందేమో అనుకుని మణికట్టు దులిపాడు. మళ్లీ చేతులు వేశాడు. ఎంత వేస్తే అంతే ముందుకు పోతున్నాడు. ఆపితే ఆపినచోటే ఉన్నాడు. కింద నుంచి నెట్టేది ఏదీ లేదు. అప్పుడు అర్థమైంది. జీవితమంతా సంచి బరువు తీసేసి తూచినవాడు, కాలువ పరుగును మాత్రం తన ఖాతాలోనే వేసుకున్నాడు.

యాభై ఎనిమిదో నిమిషంలో మోకాళ్ల మీద ఒడ్డెక్కాడు. లాజరు అనే రిటైరైన డ్రిల్లు మాస్టరు అక్కడ జడ్జి. వంగి, ఆయన కాలికి కట్టిన టైమింగ్ పట్టీ విప్పాడు.

"మూడు నిమిషాలే గదప్పా" అన్నాడు వీరభద్ర ఆయాసంతో. "కొంచెం సర్దుకో. సైకిలు మీద కలిపేస్తా."

"కుదరదన్నా."

"యాడైనా పట్టూ విడుపూ ఉంటాది."

లాజరు ఆయన మొహం పోల్చుకుని, పట్టీని బుట్టలో వేశాడు. "మా నాయన మీ మార్కెట్టుకే ఉల్లిగడ్డలు తోలేటోడు. ఎండిన సరుకు సామీ, తరుగు తగ్గించండి అని మొత్తుకునేటోడు. ఎవురన్నా తగ్గించినారా?" అతని గొంతులో కోపం లేదు. వెంటనే తరువాతి మనిషి వైపు తిరిగాడు.

మధులత తువ్వాలు తెచ్చి ఇచ్చింది. ఇద్దరూ రాళ్ల కట్ట మీద కూర్చున్నారు.

"కాలువ మోసం చేసిందమ్మా" అన్నాడు.

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"సెప్టెంబరు నుంచి. నువ్వు పంపిన టైముకు రావాలంటే నాకు మూడేళ్లు పట్టింది నాన్నా. నువ్వు నెలన్నరకే వస్తివి. ఆ మాత్రం తెలీదా?"

ఆయన తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని చాలాసేపు తుడుచుకున్నాడు.

"మరి చెప్పలేదేం మధూ? ఒక్క మాట చెప్పింటే..."

"రెండుసార్లు ఫోన్ చేతికి తీసుకుంటి." ఆమె నీళ్ల వైపే చూస్తోంది. "మళ్లా పెట్టేస్తి. అంతా సిద్ధం చేసుకున్నంక, అడుగు ముందుకేసేముందు, ఇంగ చాలు అని ఎవురో చెప్తే ఎట్లుంటాదో నీకూ తెలియాల అనిపించింది."

"తెలిసింది లేమ్మా."

"నాకు సంతోషంగా ఉంటాదనుకుంటి. ఏం లేదు." ఆమె లేచి చున్నీకి అంటిన మట్టి దులుపుకుంది. "నాకు డ్యూటీ ఉండాది. పదిగంటల బస్సుకు పోతా."

"కారులో దింపుతా, ఉండు."

"వద్దు. నీ సైకిలు ఇప్పుడే ఇయ్యరు. ఆఖరోడు వచ్చేదాకా నువ్వు ఈడనే ఉండాల."

ఆమె చెప్పింది నిజమే. తాడు కట్టిన ఆవరణలో ఆయన సైకిలు ఉంది, దాని పక్కన ఉతికి మడిచిన తెల్ల సాక్సు. లోపలికి పోవడానికి లేదు. మధులత రోడ్డెక్కి మలుపు తిరిగేదాకా చూశాడు.

తర్వాత, చేతనైన పని అదొక్కటే గనక, లెక్క వేశాడు. సెప్టెంబరులో ఆమె చెప్పి ఉంటే తను ఏమనేవాడు? 'ఈత మానేసి తొమ్మిదేళ్లాయె, నీకేం తెలుసు' అనేవాడు. ఎన్నిసార్లు తిప్పి చూసినా ఆ మాటే వచ్చింది. ఆమె మీద వేయడానికి ఒక్క తప్పూ దొరకలేదు.

అరటిపళ్ల గంప మోసుకుపోతున్న ఒకామె ఆగింది. "ఏం సామీ, మీది అప్పుడే అయిపోయిందా?"

"అయిపోయిందమ్మా" అన్నాడు. ఆమె పండు ఇచ్చింది. ఎండ ఎక్కుతోంది. సైకిళ్ల మీద పోయినవాళ్లలో మొదటివాడు కూడా ఇంకా తిరిగి రాలేదు.