పిన్నులు మార్చిన తుపాకి

మా ఇంట్లో తుపాకి ఉందన్న సంగతి నాకు ఆయుధ పూజ రోజున తెలిసింది. అదీ ఇంటినిండా జనం ఉండగా, హారతి పళ్ళెం నా చేతిలో ఉండగా. మా ఆయన హరనాథ్ పడగ్గదిలో బట్టల క్లాజెట్‌లోంచి పొడుగాటి గుడ్డసంచీ ఒకటి మోసుకొచ్చి, జిప్పు లాగి, నల్లగా నిగనిగలాడే రైఫిల్‌ని బల్లమీద నా పళ్ళ డాక్టరు సామాను పక్కన పడుకోబెట్టాడు. పళ్ళెం జారిపోకపోవడం నా నిబ్బరం కాదు, వేళ్ళు బిగుసుకుపోయాయి.

"ఏమిటండీ ఇది?" అన్నాను.

"రైఫిల్," అన్నాడు, నాకు కళ్ళు కనపడటం లేదేమో అన్నట్టు. "మా మేనేజర్ కొత్తది కొనుక్కుని దీన్ని నాకు చవగ్గా అమ్మేశాడు. ఊరవతల వాళ్ళ పశువుల రాంచ్‌లో ఖాళీ టిన్నులు కొట్టుకోడానికి. సెకండ్ హ్యాండే కానీ మంచి కండిషన్‌లో ఉంది."

కోడిగుడ్డు వాసన వస్తే కిటికీలన్నీ తెరిచే మనిషి, దారిలో చీమ కనిపిస్తే పక్కకు తప్పుకుని నడిచే మనిషి తుపాకి కొన్నాడు. నాకు చెప్పకుండా కొన్నాడు. నోట మాట రాలేదు నాకు. నా నోట మాట రాకపోవడం మా పెళ్ళయ్యాక అదే మొదటిసారని ఆయన తరవాత అందరికీ చెప్పి నవ్వించాడు.

అది ఎనభై నాలుగో సంవత్సరం. అప్పటికి టెక్సస్‌లోని మా ప్లేనోలో మనవాళ్ళ ఇళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టేటన్నే. గుడి లేదు, పూజారి లేడు. అచ్యుతరావుగారు క్యాసెట్లు విని మంత్రాలు నేర్చుకుని, మా అందరికీ పౌరోహిత్యం చేసేవారు. ఆయన గుండె డాక్టరు. మనిషి గుండెలో తీగ పెట్టి చూసేవాడు మంత్రం తప్పు చదివాడని ఎవరంటారు? ఏటా దసరాకి మా ఇంట్లో బల్లమీద మైక్రోమీటరు, స్క్రూడ్రైవర్లు, టైప్‌రైటరు, కుట్టుమిషను, కారు తాళాలు చేరేవి. "ఇది ఆయుధ పూజా, గరాజ్ సేలా?" అని ఆయన ఏటా అడిగి ఏటా తనే నవ్వేవారు.

ఆ ఏడు నవ్వలేదు. రైఫిల్‌ని చూసి చెప్పులు విడిచినంత భక్తిగా దగ్గరికొచ్చారు. "ఇన్నాళ్ళకి ఒక నిజమైన ఆయుధం దొరికిందయ్యా హరనాథ్!" అని పంచామృతం గిన్నె అందుకున్నారు.

"అన్నయ్యగారూ, బొట్టు పెడితే చాలదా? తుపాకికి అభిషేకమేమిటి?" అన్నాను.

"చేసేది పూర్తిగా చెయ్యాలమ్మా వసుమతీ."

పూర్తిగానే చేశారు. ఉద్ధరిణె పక్కన పెట్టి గ్లాసుతోనే పోశారు. పాలూ పెరుగూ నెయ్యీ తేనే పంచదారా, అన్నీ ఆ ఇనుము మీంచి కారాయి. హరనాథ్ తరవాత నా మంచి టవల్‌తో దాన్ని తుడిచి, నూనె రాసి, మెరుస్తోందని మురిసిపోయాడు. నేను టవల్ గురించి గొడవపడ్డాను. తుపాకి గురించి పడదామనుకున్న గొడవ వాయిదా పడింది.

నవంబరులో, బాగా చలిగా ఉన్న ఒక శనివారం పొద్దున్న మా ఆయనా అచ్యుతరావుగారూ రాంచ్‌కి వెళ్ళారు. మధ్యాహ్నం దాకా రామని చెప్పినవాళ్ళు రెండు గంటల్లోనే తిరిగొచ్చేశారు. తలుపు తీసి చూస్తే అచ్యుతరావుగారి జాకెట్టు నిండా కాఫీ మరక, మా ఆయన ముఖం సున్నం కొట్టినట్టుంది.

జరిగింది అచ్యుతరావుగారే చెప్పారు. పికప్ ట్రక్కు పక్కన నిలబడి ఫ్లాస్కులోంచి కాఫీ పోస్తున్నారట. ఫ్లాస్కు మూత కింద పడితే తీద్దామని వంగారట. అప్పుడు పేలిందట. గుండు ఆయన తల ఉండాల్సిన చోటుగుండా పోయి ట్రక్కు తలుపుకి చిల్లి చేసింది. చెయ్యి పెట్టి చూశాను, వేలు పట్టింది అన్నారు. ఆ మాటకి ఆయన నవ్వబోయారు కానీ పెదవులు కుదరలేదు.

"నేను ట్రిగ్గర్ ముట్టుకోలేదు వసూ," అన్నాడు హరనాథ్. "సేఫ్టీ లాకు తీశాను, అంతే. దానంతట అదే పేలింది. ఒట్టు."

"అది సరే. తుపాకి అన్నయ్యగారి వైపు ఎందుకుంది?"

ఆయన సింకు దగ్గరికి వెళ్ళి చేతులు కడుక్కోవడం మొదలుపెట్టాడు. చాలాసేపు కడుక్కున్నాడు.

అచ్యుతరావుగారే అందుకున్నారు. "తల్లీ, ఆ దసరా పూజే నన్ను కాపాడింది. లేకపోతే సరిగ్గా అప్పుడే మూత పడటమేమిటి, నేను వంగటమేమిటి!" ఆ సాయంత్రానికి డాలస్ దాకా ఉన్న తెలుగువాళ్ళందరికీ ఫోన్లు వెళ్ళాయి. వచ్చే ఏడు తమ కార్లకి కూడా అభిషేకం చేయించుకుంటామని కొందరు అప్పుడే చెప్పేశారట.

మా ఇంట్లో మాత్రం పిన్నుల పురాణం మొదలైంది. ట్రిగ్గర్ లోపలి ముక్కల్ని పట్టి ఉంచేవి పెన్సిల్ ముల్లంత సన్నటి రెండు ఉక్కు పిన్నులట. పాత తుపాకి కదా, అవి అరిగిపోయి ఉంటాయట. అందుకే ముక్కలు కదిలి పేలిందట. ఒక పత్రికలో ప్రకటన వచ్చింది: తుపాకి కంపెనీవాళ్ళు వేసినవాటికంటే గట్టివి, ఎప్పటికీ అరగనివి, ట్రిగ్గర్ పెట్టె విప్పకుండానే కొత్త పిన్ను లోపలికి కొడితే పాతది అవతలికి ఊడిపడుతుంది. కొనదగినవేనా కాదా అని ఆయన ఆఫీసులో అడిగాడు, తుపాకుల షాపులో అడిగాడు, పోస్ట్‌మన్‌నీ అడిగాడు. ఒకరు తప్పకుండా కొనమన్నారు, ఇంకొకరు దండగన్నారు. భోజనాల దగ్గర పప్పు చల్లారిపోయేది కానీ పిన్నుల మాట చల్లారేది కాదు.

నా ప్రశ్న వేరు. మా అమ్మాయి ఉషకి అప్పుడు పద్నాలుగేళ్ళు. క్రిస్మస్ సెలవుల్లో దాన్ని రాంచ్‌కి తీసుకెళ్ళి రైఫిల్ కాల్చడం నేర్పిస్తానని వాళ్ళ నాన్న ఎప్పుడో మాటిచ్చాడు. గుండు సంగతి విన్నాక నేను చచ్చినా పంపనన్నాను. అది తలుపులు దబదబా వేసింది, నాన్నతోనే మాట్లాడింది. చివరికి ఆయనే రాజీకి వచ్చాడు.

"కొత్త పిన్స్ వేశాక సేఫ్ అని ప్రూవ్ చేస్తాను. అప్పుడు పంపిస్తావా?"

ఇద్దరూ నా ముఖంలోకే చూస్తున్నారు. సరే అన్నాను. అంటే ఆ పిన్నుల మంచిచెడ్డల మీద నా కూతుర్ని పెట్టాను. ఆ మాట అన్నది మొదలు నాకు అన్నం సయించలేదు.

పిన్నులు పోస్టులో వచ్చాయి. భోజనాల బల్లమీద రైఫిల్ చెక్క ఊడదీసి, గోధుమరంగు మరకలేవో కనిపిస్తే పాత నూనె అని గుడ్డతో తుడిచి, ప్రకటనలో చెప్పినట్టే పిన్నులు మార్చాడు. ఊడిన పాత పిన్నుల్ని ఊరగాయ సీసా మూతలో పడేశాడు. ఉష వాటిని తీసి, తండ్రి నేర్పినట్టే మైక్రోమీటరుతో మందం కొలిచింది.

"డాడ్, ఓల్డ్ పిన్స్, న్యూ పిన్స్ సేమ్ సైజ్. ఏం అరగలేదు."

"మెటల్ ఫెటీగ్ అని ఉంటుంది, ఇనుము లోపల్లోపలే అలిసిపోతుంది. అది కొలిస్తే తెలీదురా కన్నా," అన్నాడు ఆయన.

మెకానికల్ ఇంజనీరు, డ్రిల్లింగ్ పనిముట్లు తయారుచేసే కంపెనీలో పెద్ద ఉద్యోగం. వెంట్రుకవాసి తేడా ఉంటే సరుకంతా వెనక్కి పంపించేసే మనిషి. ఆ మనిషి కొలతని కొట్టిపారేయడం చూసి నాకు ఆశ్చర్యం వేసింది. ఆ పిన్నులే దోషులు కావాలని ఆయనకి ఎందుకో చాలా పట్టుదలగా ఉంది.

తరవాత ఖాళీ తుపాకితో మా ముందు పరీక్ష. తుపాకి వెనక గొళ్ళెంలాంటి బోల్టు మూయడం, సేఫ్టీ తీయడం, మళ్ళీ మళ్ళీ. హీటరు వేసిన హాల్లో నిలబడి చేసి చేసి ఆయనకి చెమట పట్టింది. ఒక్కసారి కూడా దానంతట అది చప్పుడు చెయ్యలేదు. ఉష చప్పట్లు కొట్టింది.

శనివారం ప్రయాణం. పొద్దున్నే అచ్యుతరావుగారు వచ్చి, పిన్నులు కొత్తవి కాబట్టి తుపాకికి మళ్ళీ అభిషేకం చేసి, ఆపైన అందరూ బయల్దేరాలని ఏర్పాటు. తనని కాపాడిన పూజ అమ్మాయినీ కాపాడాలి కదా అన్నారు.

శుక్రవారం నేను క్లినిక్ నుంచి వచ్చి స్వెట్టర్ కోసం క్లాజెట్ తలుపు తీశాను. చీమలు. బయట చలి పడితే లోపలికి వస్తాయి, అది మామూలే. కానీ ఇవి వంటింటి వైపు వెళ్ళడం లేదు. గోడ వారగా బారు కట్టి వచ్చి, తుపాకి సంచీ ఎక్కి, జిప్పు చివర సందులోంచి లోపలికి దూరుతున్నాయి. ఇనుములో చీమలకేం పని? జిప్పు తీశాను. ట్రిగ్గర్ పక్కనున్న సన్నటి చీలికలోకి దిగుతున్నాయి, బయటికి వస్తున్నాయి. ముక్కు దగ్గర పెట్టి చూశాను. ముక్కిపోయిన నెయ్యి వాసన.

పైకి తళతళా తోముకుని, సందుల్లో తీపి వదిలేసిన నోళ్ళని నేను రోజూ చూస్తాను. ఇదీ అలాంటిదే.

హరనాథ్‌తో చెప్తే కొట్టిపారేశాడు. "చీమలు దూరితే తుపాకి పేలుతుందా? నీ ముందే కదా టెస్ట్ చేశాను, ఎన్నిసార్లు చేశానో చూశావుగా!" టెస్ట్ చెయ్యడం నిజమే, పేలకపోవడమూ నిజమే.

శనివారం తెల్లవారాక లేచేసరికి ఆయన సంచీని అప్పటికే కారు డిక్కీలో పెట్టి గరాజ్ తలుపు ఎత్తేసి ఉంచాడు. బయట గడ్డి మీద మంచు పేరుకుని ఉంది. అచ్యుతరావుగారు వచ్చారు, గరాజ్‌లో బల్ల వేశారు. దీపంలోకి నెయ్యి కావాలంటే గరాజ్ షెల్ఫులో ఉన్న సీసా తీశాను. స్పూను దిగలేదు. నెయ్యి రాయిలా గడ్డకట్టి ఉంది. వంటింట్లో పొయ్యి పక్కనున్న సీసాలో అదే నెయ్యి నూనెలా ఉంటుంది.

సీసా చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. రాంచ్‌లో ఆ రోజూ ఇంత చలే. ఆయన పరీక్షలన్నీ వెచ్చటి హాల్లోనే.

తల తిప్పేసరికి రైఫిల్ బల్లమీద ఉంది, అచ్యుతరావుగారి చేతిలో ఉద్ధరిణె దానిమీదికి వంగుతోంది. ఉష గులాబీరంగు జాకెట్టు వేసుకుని కారు తలుపు తెరిచి నిలబడింది.

"ఆగండి!" అని అరిచాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "ఏవండీ, దాంట్లో గుండ్లు లేవని చూసి, గోడవైపు పెట్టి ఒక్కసారి సేఫ్టీ తియ్యండి. ఇప్పుడే. ఈ చలిలోనే."

"మళ్ళీ మొదలెట్టావా వసూ?"

"తీసి చూపించండి, లేకపోతే ఉష కారెక్కదు."

ఆయన విసుక్కుంటూనే బోల్టు తెరిచి లోపల వేలు పెట్టి ఖాళీ అని చూసుకున్నాడు. మూశాడు. గోడవైపు పెట్టాడు. నాకు బుద్ధి చెప్పడానికని ట్రిగ్గర్ దగ్గర వేలు లేకుండా అరచెయ్యి విప్పి అందరికీ చూపించి, రెండో చేతి బొటనవేలితో సేఫ్టీ ముందుకి తోశాడు.

టక్ మంది. లోపల గుండు ఉంటే పేలేది.

ఆయన విప్పిన చెయ్యి అలాగే గాలిలో ఉండిపోయింది. నేను ఉషని చూశాను. దాని జాకెట్టు గుండీలు చూశాను. ఇంకొక గంటలో ఆ తుపాకి ముందో పక్కనో ఇది నిలబడేది అనుకునేసరికి కారుని పట్టుకున్నాను.

"పిన్నులు కాదండీ," అన్నాను. "పాతవీ బాగానే ఉన్నాయి, కొత్తవీ బాగానే ఉన్నాయి. దసరా నాటి నెయ్యీ తేనే లోపలే ఉన్నాయి. వెచ్చగా ఉంటే కరుగుతాయి, చలికి గడ్డకడతాయి. లోపలి ముక్కలు తమ చోటికి తిరిగి రావు. అప్పుడు పేలకుండా పట్టుకునేది ఆ సేఫ్టీ ఒక్కటే, అది తీస్తే అంతే."

అచ్యుతరావుగారి చేతిలో ఉద్ధరిణె ఒరిగి ఆయన బూటు మీద కారుతోంది. ఆయన చూసుకోవడం లేదు. "అంటే నేను పోసిందా?" అన్నారు. మెట్టు మీద కూలబడ్డారు. "నన్ను కాపాడిందనుకున్నానే తల్లీ. ఊరందరికీ చెప్పానే. నన్ను నేనే..."

ఆయన మీద కోప్పడాలని నాకు ఎంతో ఉంది. ఆ ముఖం చూశాక మనసొప్పలేదు. మా ఆయన వైపు తిరిగాను. మొన్నటిదాకా పిన్నులు, ఇవాళ పంచామృతం. చూశావా, నా తప్పేం లేదు అంటాడని ఎదురుచూశాను. అంటే ఆ రోజే ఆయన్ని ఏం చేసేదాన్నో నాకు తెలియదు.

హరనాథ్ రైఫిల్‌ని గోడవైపే ఉంచి బల్లమీద పెట్టాడు. వచ్చి అచ్యుతరావుగారి పక్కన మెట్టు మీద కూర్చున్నాడు.

"లేదు డాక్టర్‌గారూ," అన్నాడు. "పేల్చింది అదే కావచ్చు. మీ వైపు తిప్పింది మాత్రం నేను. కాఫీ తాగుతావా అని పిలిచారు, తుపాకి చేతిలో ఉండగానే మీవైపు తిరిగాను. వసుమతి ఆ రోజే అడిగింది. చెప్పలేకే ఇన్నాళ్ళూ ఆ పిన్నుల్ని పట్టుకుని వేలాడుతున్నాను."

ఉష చప్పుడు కాకుండా కారు తలుపు మూసేసింది. నాకు ఏడుపొచ్చింది.

అచ్యుతరావుగారు లేచి బల్ల దగ్గరికి వెళ్ళి, పంచామృతం గిన్నె తుపాకికి దూరంగా జరిపారు. ఒక ఉద్ధరిణె తన అరచేతిలో పోసుకుని తాగారు. ఇంకొకటి నింపి మా ఆయన ముందుకి వచ్చారు.

"తీర్థం పారబొయ్యకూడదయ్యా," అన్నారు. "చెయ్యి పట్టు."

హరనాథ్ చెయ్యి పట్టాడు. సగం వేళ్ళ సందుల్లోంచి కారిపోయింది. మిగిలింది ఆయన కళ్ళకద్దుకుని తాగాడు.