రేవులో మంచు పడదు

బట్టలు ఉతికే రోజున అమ్మ ముందుగా చూసేది ఆకాశాన్ని కాదు, కూతురి చేతిలో ఉన్న పుస్తకాన్ని.

"ఏంటే అది? వానల కథ కాదు కదా?"

"కాదమ్మా. ఎడారిలో ఒంటె తప్పిపోతుంది."

"నా బంగారు తల్లి! అయితే దుప్పట్లు కూడా నానబెట్టేస్తా. బాల్కనీలో కూర్చుని చదువుకో. మధ్యలో లేచావంటే ఊరుకోను."

వేరే ఇళ్ళలో కథల పుస్తకం పట్టుకుంటే చీవాట్లు పడతాయి. ఈ ఇంట్లో కథ పక్కన పెట్టి లెక్కలు చేసుకుంటేనే చీవాట్లు. పదిహేనేళ్ళ ఆ పిల్లని అందరూ చినుకు అనేవారు. కథలో మునిగిందంటే చాలు, ఆ కథలోని వాతావరణం వచ్చి ఆమె చుట్టూ కూర్చునేది. ఎడారి కథయితే బాల్కనీలో ఎండ మాడ్చేసేది. వాన కథయితే కింది అంతస్తు తాతగారు పూలకుండీలు ఆ బాల్కనీ కిందికి జరుపుకునేవారు. పక్కింటి పిన్నిగారు తడి దిండు తెచ్చి, "ఇంకో రెండు పేజీలు చదివిపెట్టమ్మా, అంచు ఆరలేదు," అని బతిమాలేది.

అన్ని రాతలకీ అలా జరగదు. వర్షపాతం పాఠం అరిచి గీపెట్టి చదివినా చుక్క రాలేది కాదు. ఒకసారి క్లాసులో ఓ అబ్బాయి పెద్ద తుఫాను కథ రాసి తెచ్చి, గొడుగు విప్పి మరీ ఎదురుగా నిలబడ్డాడు. చినుకు మనసారా చదివింది. చేతిలో కాగితం కూడా కదల్లేదు. అబ్బాయి గొడుగు ముడుచుకుని వెళ్ళిపోయాడు. ఆమె మాత్రం ఏం చేస్తుంది పాపం? కావాలని తెప్పించడం, వద్దని ఆపడం, రెండూ చేతకావు.

చినుకు ప్రాణస్నేహితురాలు గుండుసూది. మనిషి సన్నం, మాట వాడి, కోపం ముక్కు మీదే. వాళ్ళ నాన్న ఊరంతా సినిమా పోస్టర్లు అంటిస్తాడు కాబట్టి శనివారం మధ్యాహ్నం ఆటకి ఇద్దరికీ వెనక వరసలో చోటు దొరికేది. సినిమాలో పడే వాన తెర మీదే ఆగిపోయేది, ఆ విషయంలో గేటు దగ్గర మనిషికి బెంగ లేదు. ఆయన బెంగంతా ఆట అయ్యాకే. హాలు మెట్ల మీద ఇద్దరూ సినిమా మొత్తం మళ్ళీ ఆడేవారు. హీరో, హీరోయిన్, పోలీసు అన్నీ చినుకే. గుండుసూది మాత్రం ఎప్పుడూ విలన్. సరిగ్గా ఏడవాల్సిన చోట ఇద్దరికీ నవ్వొచ్చేది. పొట్ట పట్టుకుని మెట్ల మీద కూలబడితే, తర్వాతి ఆటకి వచ్చినవాళ్ళు వాళ్ళని దాటుకుంటూ లోపలికి పోయేవారు.

"ముగింపు ఏం బాలేదే," అనేది గుండుసూది ప్రతిసారీ. "ఆ ముసలమ్మ తలుపు తీసి ఉండాల్సింది. అప్పుడుండేది మజా."

పుస్తకాలకి వేరే పద్ధతి. లైబ్రరీకి కొత్త నవల ఒక్క కాపీయే వచ్చేది, ఆగడం ఇద్దరి వల్లా కాదు. అందుకని భుజానికి భుజం ఆనించుకుని ఒకే పుస్తకం కలిసి చదివేవారు. చినుకు కళ్ళు పరుగులు తీసేవి. గుండుసూది ఒక్కో వాక్యం చప్పరించుకుంటూ వచ్చేది. ఆమె "ఊఁ" అంటేనే పేజీ తిప్పాలి. ఆ పూటకి ఆపేశాక మిగిలిన పేజీలన్నిటినీ కలిపి బట్టల క్లిప్పు పెట్టేవారు. ఆ క్లిప్పు ఇద్దరూ ఉన్నప్పుడే తీయాలి. అది వాళ్ళ రాజ్యాంగం.

ఆ వేసవిలో చదువుతున్నది ఒక ఓడ కథ. దురుసు నోటి కెప్టెనమ్మ ఒకావిడ, తప్పిపోయిన తమ్ముణ్ణి వెతుక్కుంటూ మంచు సముద్రాల్లోకి వెళుతుంది. ఆవిడ సొంత రేవు వెచ్చని చోట, ఏడాది పొడుగునా ఎండే. ఆవిడ ఇల్లు చేరుతుందా లేదా అని గుండుసూది కంచం ముందు కూడా ఆలోచించేది. "చేరుతుంది. చేరకపోతే ఆ రాసినాయన్ని వదలను," అని తనే జవాబు చెప్పుకునేది.

సరిగ్గా ఆఖరి అధ్యాయం మిగిలి ఉండగా గుండుసూదికి జ్వరం వచ్చింది. పుస్తకం చినుకు ఇంట్లో ఉంది. మొదటి రోజు దాన్ని బీరువా మీద పెట్టింది. మర్నాడు బల్ల మీదికి దించింది, ఊరికే అట్ట చూద్దామని. ఆ మర్నాడు మధ్యాహ్నం క్లిప్పు దానంతటదే ఊడిపోయింది. అలాగని తనకి తాను చెప్పుకుంది. ఒక్క పేరా చూసి మూసేద్దామనుకుంది. అలా మూసినవాళ్ళు లోకంలో ఎవరైనా ఉంటే చూపించండి, దండం పెడదాం.

కాసేపటికి మంచు మొదలైంది. బాల్కనీలోంచి వీధిలోకి మెత్తగా రాలింది. సోడా అమ్మే ఆయన సీసాలన్నీ తెచ్చి మంచులో పేర్చాడు. పిల్లలు ఉండలు చేసి విసురుకున్నారు. "ఈ పుస్తకం రాసినాయన కడుపు చల్లగా!" అని పక్కింటి పిన్నిగారు దీవించింది.

జ్వరం తగ్గీ తగ్గగానే ఉండబట్టలేక బయల్దేరిన గుండుసూది అప్పుడే మలుపు తిరిగింది. బాల్కనీ కింద ఆగి చెయ్యి చాపింది. అరచేతిలో మంచు పడింది. చినుకు పుస్తకంలోంచి తలెత్తి చూసి, తేలు కుట్టిన దొంగలా బిగుసుకుపోయింది.

"ఆఖరి పేజీయేనా?" అని కింద నుంచి అడిగింది గుండుసూది.

చినుకు తలూపింది.

"ఆవిడ రేవులో మంచు పడదు. అంటే, ఇల్లు చేరలేదన్నమాట."

నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది. గుండుసూది వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత మాటల్లేవు. శనివారం మెట్ల మీద చినుకు ఒక్కతే కూర్చుంది. హీరో ఉన్నాడు, పోలీసు ఉన్నాడు, విలన్ లేనిదే ఎవరితో పోరాడతారు? ఏ కథ తెరిచినా మనసు నిలవలేదు. బాల్కనీలో ఎండా లేదు, వానా లేదు. అమ్మ రెండు రోజులు చూసి, "వెళ్ళి బతిమాలుకోవే. తప్పు నీదైనప్పుడు గడప తొక్కాల్సింది నువ్వే," అంది.

గుండుసూది వాళ్ళది కిటికీ లేని ఒంటి గది. గోడ పొడుగునా పాత పోస్టర్ల కట్టలు. పొయ్యి మీద మైదా బంక ఉడుకుతుంటే వాళ్ళ నాన్న కర్రతో కలుపుతున్నాడు.

"రామ్మా చినుకూ. కాస్త దూరంగా కూర్చో, ఇవాళ మరీ వాడిగా ఉంది," అన్నాడు.

గుండుసూది నేల మీద బోర్లా పడుకుని, తిరగేసిన పోస్టర్ మీద ఏదో రాస్తోంది. హీరో మొహం నేలకి ఆనుకుపోయింది.

"తప్పయిపోయిందే," అంది చినుకు.

"అవును, తప్పే. జ్వరంలో కూడా నేను రోజూ ఆవిణ్ణి ఇంటికి తీసుకొస్తున్నాను. సగం దారిలో నువ్వొచ్చి మంచు కురిపించావు." పోస్టర్ ముందుకి తోసింది. "ఇది నా ముగింపు. నా ఎదురుగా చదువు. గాలి కూడా కదలకపోతే దీనికి బంక రాసి గోడకి కొట్టేస్తా, జన్మలో మళ్ళీ పెన్ను పట్టను. నువ్వు కూడా మీ ఇంటికి పో."

చినుకు పోస్టర్ అందుకుంది. సంతోషపెట్టడానికి అబద్ధం చెప్పాలన్నా తన చేతుల్లో లేదు.

మొదటి వరసలు చదివింది. ఏమీ లేదు. గుండుసూది గోళ్ళు కొరుక్కుంటోంది. చినుకు అలవాటుగా ముందుకి పరిగెత్తబోయి ఆగింది. ఒక్కో వాక్యం నిదానంగా, చప్పరించుకుంటూ చదివింది. కెప్టెనమ్మకి తమ్ముడు దొరికాడు. గడ్డం పెంచుకుని, నేను రాను పొమ్మన్నాడు. ఆవిడ చెవి పట్టుకుని ఓడ ఎక్కించింది. రేవులో వాళ్ళ కోసం ఎవరూ ఎదురుచూడటం లేదు, ఎవరి పనుల్లో వాళ్ళున్నారు. చేపలమ్మే ముసలమ్మ ఒక్కతే తలెత్తి, "వచ్చారా? ఇక ఆ తాడు తీసి కట్టండి, దారికి అడ్డం," అంది. చినుకు పకపకా నవ్వింది. నవ్వులో, తను పరీక్షకి కూర్చున్న సంగతే మర్చిపోయింది.

పోస్టర్ అంచు రెపరెపలాడింది. వెచ్చటి తడిగాలి గదిలోకి వచ్చింది. కిటికీ లేని గోడ మీద ఎండ పడింది. కట్టల తాళ్ళు తెగి హీరోలూ హీరోయిన్లూ గదంతా ఎగిరారు. ఆ ఊరికి సముద్రం లేదు. గుండుసూది సముద్రాన్ని ఎన్నడూ చూడలేదు.

వాళ్ళ నాన్న కర్ర పట్టుకునే పెదవులు తడిపి చూసుకున్నాడు. "ఉప్పగా ఉంది! ఎవరు రాశారే ఈ గాలిని?"

గుండుసూదికి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. అంతలో గాలి ఆగిపోయింది.

"ఆపేశావేంటే? చదువు!" అని అరిచింది గుండుసూది.

"నేను ఆపలేదు. కాగితం అయిపోయింది. ఓడకి ఇంకా తాడు కూడా కట్టలేదు. త్వరగా రాయి," అంది చినుకు.

నాన్న పొయ్యి ఆర్పాడు. రేపు పొద్దున సందు మలుపులో అంటించాల్సిన కొత్త పోస్టర్ తీసి, తిరగేసి కూతురి ముందు పరిచాడు.

"ఏ సినిమా ఆడుతుందో జనానికి ఒక పూట ఆలస్యంగా తెలిస్తే కొంపలేం మునిగిపోవు. రాసుకో తల్లీ."

గుండుసూది కళ్ళు తుడుచుకుని బోర్లా పడుకుంది. చినుకు ఆమె పక్కన చేరి, రాస్తున్న ఒక్కో మాటా అక్కడికక్కడే చదవసాగింది. సందు మలుపులో గోడ ఆ వేసవంతా బోసిగానే ఉండిపోయింది.