మైకు ఎల్లప్ప గొంతు

గాలి నిండా తోతాపురి మామిడి వాసన.

జూన్ నెల. బంగారుపాళ్యంలో గుజ్జు ఫ్యాక్టరీలు రాత్రీ పగలూ నడిచే నెల. రోడ్డంతా కాయల ట్రాక్టర్లు. ఆ వాసన కిటికీలోంచి వచ్చి, గోడలకు అంటుకుని, ఆరేసిన బట్టల మడతల్లో కూర్చుంటుంది.

ఆదివారం పొద్దున. కోమలి తల స్నానం చేసి వచ్చి కంప్యూటర్ ముందు కూర్చుంది.

పన్నెండేళ్ల నాటి కంప్యూటర్. నాయనది.

నాయన పేరు ఎల్లప్ప. చుట్టుపక్కల ఊళ్లకు మైకు ఎల్లప్ప. ఆటో మీద కట్టిన మైకులోంచి వచ్చే గొంతు ఆయనది. గంగజాతర ఎప్పుడో ఆ గొంతే చెప్పాలి. కొత్త బట్టల కొట్టు తెరిచినా, కరెంటు ఆగినా, బిడ్డ తప్పిపోయినా, పెద్దమనిషి కన్నుమూసినా — ఆ గొంతే చెప్పాలి. ముందుగదిలో కూర్చుని రికార్డు చేసేవాడు. చేసినవన్నీ కంప్యూటర్లో దాచుకునేవాడు.

నిరుడు ఆ గొంతులో పుండు లేచింది.

పెద్దాసుపత్రిలో కోసి తీసేశారు. పుండును... దాంతోపాటు గొంతును.

ఇప్పుడు మెడ కింద చిన్న రంధ్రం. దాని మీద తెల్లటి గుడ్డ. ఊపిరి అక్కడినుంచే వస్తుంది, అక్కడినుంచే పోతుంది. మాట రాదు. ఏం చెప్పాలన్నా పలక మీద రాస్తాడు. ఆ ఇంట్లో ఉండేది ఇద్దరు. ఒకరు మాట్లాడతారు. ఒకరు రాస్తారు.

కోమలి గుజ్జు ఫ్యాక్టరీ ఆఫీసులో పని చేస్తుంది. అక్కడే తెలిసింది — పాత రికార్డింగులు ఇస్తే చాలు, మనం టైపు చేసిన మాటను అదే గొంతుతో పలికే ప్రోగ్రామ్ ఒకటి వచ్చిందని.

అదే గొంతుతో.

కానీ ఈ కంప్యూటర్లో ఉన్న పాత విండోస్ మీద అది నడవదు. కొత్తది ఎక్కించాలి. ఎక్కించాలంటే ముందు డిస్కంతా తుడిచేయాలి.

"నీ రికార్డింగులకేమీ కాదు నాయనా. ముందే పెన్‌డ్రైవ్‌లోకి తీసి పెడతా."

ఎల్లప్ప పలక మీద రాశాడు — నీకు తెల్సు గదా పాపా.

తెర మీద 'నాయన' అనే ఫోల్డర్ బొమ్మ. ఐదేళ్లుగా అక్కడే ఉంది. దాన్ని కాపీ చేసింది. పెన్‌డ్రైవ్‌లో పెట్టింది.

రెప్పపాటులో అయిపోయింది.

పన్నెండేళ్ల మాటలు... రెప్పపాటులో. పెన్‌డ్రైవ్ మంచిదే కొన్నాను అనుకుంది. ఇంకేమీ అనుకోలేదు.

అన్నీ తుడిచేయమంటారా అని తెర అడిగింది. అవునంది. పోతే తిరిగి రావు, సరేనా అని ఇంకోసారి అడిగింది. సరేనంది.

పది శాతం. ముప్పై శాతం. ఎల్లప్ప కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు. ఎనభై. కాఫీ తాగారు. నూరు.

నీలం రంగు తెర. కొత్తగా. శుభ్రంగా. వాన వెలిసిన ఆకాశంలాగా.

ప్రోగ్రామ్ ఎక్కింది. గొంతు నమూనాలు ఇవ్వమంది. కోమలి పెన్‌డ్రైవ్ గుచ్చింది. 'నాయన' మీద నొక్కింది.

ఈ ఫోల్డర్ దొరకలేదు.

మళ్లీ నొక్కింది.

దొరకలేదు.

మళ్లీ.

అప్పుడు చూసింది — బొమ్మ మూలన చిన్న బాణం గుర్తు. వంకర తిరిగిన బాణం. ఐదేళ్లుగా అది అక్కడే ఉంది. ఐదేళ్లుగా చూస్తూనే ఉంది.

చెవుల్లో ఏదో గుయ్యిమంది. రోడ్డు మీద ట్రాక్టర్లు పోతున్నాయి, చప్పుడు లేకుండా పోతున్నాయి. ఎల్లప్ప తెర వంక చూశాడు. కూతురి వంక చూశాడు. పలక మీద 'ఏమి' అని రాశాడు.

ఆ ఇంట్లో ఆ పూట మాట్లాడేవాళ్లు ఎవరూ లేరు.

సోమవారం సీపీయూను ఒళ్లో పెట్టుకుని బస్సెక్కింది. చిత్తూరులో ఢిల్లీబాబు రిపేరు షాపు. ఆ కంప్యూటర్‌ను మొదటినుంచీ చూసే మనిషి. పెన్‌డ్రైవ్ పెట్టి చూసి, కళ్లద్దాలు తీసేశాడు.

"ఇది ఫోల్డర్ గాదు మ్మా. షార్ట్‌కట్. వాకిట్లో తగిలించిన పేరు బోర్డు మాదిరి. బోర్డు తెచ్చుకున్యావు. ఇల్లు ఆడే ఉండిపోయినాది."

కళ్లద్దాలు తుడుస్తూ, మెల్లగా అన్నాడు. "నేనే పెట్టిచ్చినా దాన్ని. రికార్డింగులు దొరకడం లేదంటాంటే, మీ నాయనకు సులువుగా ఉంటాదని."

మూడు రోజులు డిస్కంతా తవ్వాడు. పేర్లు కొన్ని దొరికాయి. జాతర. కరెంటు. తప్పిపోయిన పాప. తెరిస్తే ఒకటే హోరు — ఎండు వాగులో ఇసుక గాలికి కదిలినట్టు.

"మీద కొత్తది రాసేసినాక కిందది యాడ దొరుకుతాది మ్మా," అన్నాడు.

ఆటోవాళ్లను అడిగింది. ఒక్కో ఆటో, ఒక్కో మెమరీ కార్డు.

"పాతది తుడిపేసే గదక్కా కొత్తది ఎక్కించుకునేది," అన్నారు.

ఊళ్లో అడిగింది. అందరూ ఫోన్లు వెతికారు. పెళ్లిళ్లు ఉన్నాయి, పుట్టిన రోజులు ఉన్నాయి, మేకపిల్లలు ఉన్నాయి. ఆయన గొంతు లేదు. ఊరంతా విన్న గొంతు. రోజూ వాకిటి ముందునుంచి పోయే గొంతు. రోజూ వచ్చేదాన్ని ఎవరు దాచుకుంటారు...

గురువారం సాయంత్రం సీపీయూతో ఇంటికొచ్చి, దాన్ని మళ్లీ తగిలించి, నాయన ముందు నిలబడింది.

"పోయినాది నాయనా. అంతా పోయినాది. నేనే తుడిపేసినా."

ఎల్లప్ప కదల్లేదు. మెడ దగ్గర గుడ్డ ఒకసారి లోపలికి పోయింది. చాలాసేపటికి బయటికి వచ్చింది. ఆయన ఏడుస్తున్నాడా అంటే — ఏడుపుకు కూడా గొంతు కావాలి. కళ్లు మాత్రం తడిగా, ఎర్రగా, ఎక్కడో చూస్తున్నాయి.

తర్వాత పలక తీసుకున్నాడు. రాశాడు. తుడిపాడు. రాశాడు. మళ్లీ తుడిపాడు. మూడోసారి రాసి ఆమె వైపు తిప్పాడు.

నీ గొంతియ్యి.

ఆమెకు అర్థం కాలేదు. ఆయన ప్రోగ్రామ్ తెరిచాడు. నమూనాలు ఇవ్వమన్న చోట వేలు పెట్టాడు. ఆ వేలు తిప్పి ఆమె గొంతు వైపు చూపించాడు. ఇకమీదట తాను టైపు చేసే మాట ఆమె గొంతుతో పలకాలి. ఆమె పోగొట్టిన చోట, ఆమెదే.

"నాదా నాయనా..."

ఆయన తల ఊపాడు. మైకు ఆమె ముందుకు జరిపాడు. చదవాల్సిన మాట పలక మీద రాసి నిలబెట్టాడు — బంగారుపాళ్యం ప్రజలకు తెలియజేయడమేమనగా.

మైకు మీద ఎర్ర దీపం వెలిగింది. ఆయన చెయ్యి పైకి లేచింది. మూడు వేళ్లు. రెండు. ఒకటి.

కోమలి నోరు తెరిచింది.

మాట రాలేదు.

మళ్లీ తెరిచింది. ఊపిరి వచ్చింది, పోయింది. ఆ ఊపిరికే తెర మీద సన్నటి గీత వణుకుతూ సాగుతోంది... ఆయన చెయ్యి దించలేదు... కిటికీలోంచి ముగ్గిన కాయల గాలి, ఆమె నోట్లోకి, ఆయన మెడలోకి, వచ్చి పోతోంది —