సంచుల కాడి మనిషి

"నువ్వు అడిగినవనే పోతున్నం గదా, మల్ల గా మొఖమేంది?" అన్నాడు ఎల్లేష్, తువ్వాలతో తల తుడుచుకుంటూ వంటింటి గడపలో నిలబడి.

తిరుపతమ్మ మొఖంలో ఏమీ లేదు. నూనె పొగకు కళ్లు మండుతున్నాయి, అంతే. ఎనిమిది మందికి పూరీలు, ఆలుగడ్డ కూర, పులిహోర, నిన్న ఎడ్ల పండుగ పోలాకు చేసినవి చాలక మళ్లీ వత్తుతున్న పోలెలు. అన్నీ పొద్దుటి రైలు వేళకు డబ్బాల్లోకి ఎక్కాలి. ఇప్పుడు మొఖాన్ని కూడా సర్దుకోవాలంటే ఎలా?

అడిగిన మాట మాత్రం నిజం. పెళ్లయి చంద్రపూర్ బాబుపేట్‌కు వచ్చిన ఇరవై రెండేళ్లలో ఆమె తన కోసం నోరు తెరిచి అడిగింది అదొక్కటే. పోలా మర్నాడు నాగపూర్‌లో మార్బత్ ఊరేగింపు చూడాలని. వెదురు బద్దలు, కాగితాలతో మేడంత ఎత్తున ఇద్దరు ఆడమనుషుల బొమ్మలు చేస్తారు. ఒకటి నల్లది, ఒకటి పసుపుది. పాత నగరం వీధుల్లో తిప్పుకుంటూ పోయి ఆఖరున కాల్చేస్తారు. వెంట నడిచే జనం తమ రోగాలనూ కష్టాలనూ పేరుపేరునా అరిచి చెప్పి, తీసుకుపొమ్మంటారు.

రాజురా అవతల తిరుపతమ్మ పుట్టిన ఊళ్లో అంత బొమ్మలు లేవు గానీ, పోలా నాడు ఇళ్ల ముందు మోదుగ కొమ్మలు పాతి, తెల్లారి వాటిని పీకి పొలిమేర దాకా మోసుకుపోయి విసిరేసేవాళ్లు. "దగ్గు తీస్కపో గే మార్బత్! దోమల తీస్కపో గే మార్బత్!" ఆడపిల్ల గొంతు చించుకుని అరిచినా ఎవరూ ఏమీ అనని పొద్దు ఏడాదికి అదొక్కటే ఉండేది. ఆ పొద్దున ఊరందరిలోకీ తిరుపతమ్మ గొంతే పెద్దది. అత్తవారిది మంచిర్యాల వైపు నుంచి బొగ్గు బావుల పనికి వచ్చిన కుటుంబం. వాళ్లకు ఈ అలవాటు లేదు. బాబుపేట్ ఇంట్లో ఆమె గొంతు కుక్కర్ విజిల్ కంటే ఎప్పుడూ పైకి లేవలేదు.

ఈ ఏడు కూతురు విద్య ఫోన్లో ఆ ఊరేగింపు కనిపించినప్పుడు చెయ్యి కడుక్కుని వచ్చి మరీ మూడుసార్లు చూసింది. ఆ రాత్రే అన్నం పెడుతూ అడిగేసింది. ఎల్లేష్ కాదనలేదు. కాదనే మనిషి కాదతను. గనిలో డంపర్ నడుపుతాడు, నలుగురిలో నవ్వుతాడు, చెయ్యెత్తే రకం కాదు. ఆ మాట ఆమె అందరితో చెప్పి చెప్పి, అతని మీద ఇంకేమీ చెప్పుకోవడానికి లేకుండా అయిపోయింది. మర్నాడు డ్యూటీ నుంచి వస్తూనే బామ్నిలో ఉన్న చెల్లెలు కమలాక్షికి ఫోన్ చేశాడు. బావ హనుమంతు, వాళ్ల ఇద్దరు పిల్లలు, తన తల్లి నర్సక్క, అంతా తయారు. సాయంత్రానికల్లా తిరుపతమ్మ కోరిక కాస్తా అందరి పిక్నిక్ అయి కూర్చుంది.

"మనిద్దరమే అనుకున్న," అంది ఆమె మెల్లగా.

"ఇద్దరం పోతే ఏం మజా ఉంటదే?" అని పగలబడి నవ్వాడు.

ఆ తర్వాత అత్తగారు తనకు బయటి తిండి పడదంది. కమలాక్షి "వదినె చేతి పులిహోర ఉంటె ఇంకేం గావాలె" అంది. అలా అలా ఐదు సంచులయ్యాయి. తిండిది ఒకటి, పళ్లేలు గ్లాసులది ఒకటి, పిల్లల బట్టలది, చాపా గొడుగులది, అత్తగారి మందులూ శాలువాది. పైన నీళ్ల క్యాను. ఆమె సంచులు రెండుసార్లు లెక్కపెట్టింది. సంచులు ఎక్కడుంటే తనూ అక్కడే ఉంటుందని ఆమెకు తెలుసు.

ఆమె ఊళ్లు చూడలేదని ఎవరూ అనడానికి లేదు. చంద్రపూర్‌లోనే మహాకాళి జాతరకు ఏటా పోతుంది. చెప్పుల కుప్ప ఎక్కడ పెడితే బాగుంటుందో ఆమెకు తెలిసినట్టు పూజారికి కూడా తెలియదు. తాడోబా అడవికి పోయినప్పుడు జీపులో ఒక సీటు తక్కువైంది. ఎవరి సీటని ఎవరూ అడగలేదు, ఆమే సంచులు ఒళ్లో పెట్టుకుని గేటు దగ్గర కూర్చుంది. వాళ్లు పులిని చూసి వచ్చి, పులి ఎలా ఆవలించిందో చేసి చూపించారు. కాళేశ్వరం పుష్కరాలలో గోదావరి ఒడ్డున బట్టల మూట పక్కన కూర్చుంది. అందరూ మునిగి వచ్చేసరికి బస్సు టైమైపోయింది. అత్తగారు చెంబుతో తెచ్చిన నీళ్లు ఆమె నెత్తిన చల్లి, "నీక్కూడ పుణ్యం వచ్చింది తియ్" అంది. అప్పుడు ఆమెకూ నవ్వొచ్చింది. తలచుకుంటే ఇప్పుడు రావడం లేదు.

నాగపూర్‌లో దిగి పాత నగరంలోని ఇత్వారీ చేరేసరికి వీధులు వీధుల్లా లేవు. మేడల మీద, గోడల మీద, కరెంటు స్తంభాలకు వేలాడుతూ మనుషులే. డప్పులు ఎక్కడో మోగుతున్నాయి గానీ, గుండెలోనే మోగుతున్నట్టుంది. తిరుపతమ్మ కాళ్లు వాటంతటవే జల్దీ జల్దీ పడ్డాయి. చిన్నప్పటి పొలిమేర దారి, అరికాళ్ల కింద తడి మట్టి, అన్నీ గుర్తొచ్చి ఒళ్లు పులకరించింది. సరిగ్గా అప్పుడే నర్సక్క మూసి ఉన్న ఒక బట్టల దుకాణం మెట్ల మీద కూలబడి, తన మోకాళ్లు ఇక ఒక్క అడుగు వెయ్యవని చెప్పింది.

ఎవరూ మాట్లాడుకోలేదు. అదే ఆమెను తొలిచేసింది. ఎవరైనా 'నువ్వు ఉండు' అని ఉంటే కనీసం ఆ మాట మీద కోపం తెచ్చుకునేది. ఒకరి తర్వాత ఒకరు సంచులు తెచ్చి ఆమె కాళ్ల దగ్గర పెట్టారు, అంతే. చివరగా విద్య వచ్చింది. పదిహేడేళ్ల పిల్ల, కాలేజీలో మరాఠీలో ఉపన్యాసాలు దంచే పిల్ల. తన బ్యాగు కూడా తీసి తల్లి ఒళ్లో పెట్టి, "మమ్మీ, నువ్వు బ్యాగులకాడ ఉంటవ్ కదా. ఫోన్ చార్జింగు తక్కువుంది, పవర్ బ్యాంక్ పైలం, హా?" అని జుట్టు సవరించుకుంటూ గుంపులోకి పరుగెత్తింది. ఎవరేమన్నా దులిపేసుకునే తిరుపతమ్మకు ఆ 'కదా' మాత్రం ముల్లులా దిగింది. కూతురు తనను ప్రేమిస్తుంది, అందులో అనుమానం లేదు. తల్లి అంటే సంచుల దగ్గర ఉండే మనిషి అని కూడా అంతే అనుమానం లేకుండా నమ్ముతోంది.

మెట్ల మీద ఆమె ఒక్కతే లేదు. చూసే కొద్దీ ఆడవాళ్లు కనిపించారు. పక్క దుకాణం అరుగు మీద ఇద్దరు, ఎదురుగా ఏటీఎం గడప మీద ముగ్గురు, అందరి కాళ్ల దగ్గరా సంచులు. నల్ల మార్బత్ పక్క వీధిలోకి వచ్చినట్టుంది, ఒక్కసారిగా "ఘేఊన్ జా గే మార్బత్", తీసుకుపో మార్బత్ అని అరుపు లేచింది. పక్కనున్న హింగణ్‌ఘాట్ నుంచి వచ్చిన ఆమె, అరవై ఏళ్లుంటాయి, ఆ వైపు చెవి వంచి తలాడించింది. ఎన్నోసారి రావడమని తిరుపతమ్మ మరాఠీలో అడిగింది. పన్నెండోసారట. ఎలా ఉంటుందని అడిగింది. ఆమె సిగ్గుపడినట్టు నవ్వింది. "ఐకలీ ఆహే, పాహిలీ నాహీ."

విన్నాను, చూడలేదు! పన్నెండేళ్లు వచ్చిందట, వీధి అవతల నుంచి విని వెళ్లిందట. తిరుపతమ్మకు భయమేసింది. ఆ నవ్వు ఎక్కడిదో ఆమెకు తెలుసు, గోదావరి ఒడ్డున తను నవ్విన నవ్వే. తర్వాత పదేళ్లకో పదిహేనేళ్లకో ఏ మెట్ల మీదో కూర్చుని ఎవరికో తనూ ఇంతే చల్లగా చెబుతుందా? లోపల్నుంచి ఏడుపు తన్నుకొచ్చింది. పక్కన అత్తగారు కునుకు తీస్తోంది గనుక రెండు నిమిషాలు ఏడ్చి, కొంగుతో తుడుచుకుంది.

గంట తర్వాత అందరూ చెమటలు కక్కుతూ, వెలిగిపోయే మొఖాలతో వచ్చారు. "అబ్బ, ఏం గమ్మత్ ఉన్నదే! నువ్వు చూడాల్సింది," అన్నాడు ఎల్లేష్. "నీకోసమనే వీడియో తీసిన, చూడు." ఫోన్ ఆమె మొఖం ముందు పెట్టాడు. జనం తలలు, ఊగుతున్న ఏదో నలుపు, అతని గొంతు. అతను నిజంగానే ఆమె కోసమే తీశాడు. ఆ సంగతే ఆమెకు ఎక్కువ బాధగా ఉంది. చాప పరిచింది, పళ్లేలు పెట్టింది, పూరీలు వడ్డించింది. పసుపు మార్బత్ ఇంకా రాలేదని, తినేసి దాన్ని కూడా చూసి రైలు అందుకుందామని వాళ్లు మాట్లాడుకుంటున్నారు.

డప్పులు మళ్లీ దగ్గరయ్యాయి. తిరుపతమ్మ చేతిలోని గరిటెను డబ్బాలో పెట్టేసింది.

"నేను పోయి చూసొస్త," అంది.

నమిలే నోళ్లు ఆగాయి. "నువ్వింక తినలే గదా వదినె," అంది కమలాక్షి. ఎల్లేష్ ముందు ఆశ్చర్యపోయి, వెంటనే తన మంచితనం తను గుర్తు చేసుకున్నాడు. "పోనియ్‌రా బై, ఆమె అడిగిందనే వచ్చినం గదా. విద్యా, నువ్వు కూసో సామాన్లకాడ."

విద్య చెయ్యి తుడుచుకుంది, వచ్చి మెట్టు మీద కూర్చుంది. రెండు సంచులు కాళ్ల మధ్యకు లాక్కుని, మూడో దాని పట్టీ మణికట్టుకు రెండు చుట్లు చుట్టింది. ఎవరూ నేర్పలేదు. తిరుపతమ్మ ఎలా కూర్చుంటుందో అచ్చం అలాగే కూర్చుంది. రోజూ తండ్రితో ప్రతి మాటకూ వాదించే పిల్ల, దీనికి మాత్రం వాదించాలని కూడా తోచని పిల్ల.

తిరుపతమ్మ వంగి ఆ పట్టీ విప్పింది.

"విద్య గాదు," అంది. "విద్య బాపూ, నువ్వు కూసో."

ఆ గొంతు వీధి అవతలి ఏటీఎం దాకా వినిపించింది. అక్కడి ఆడవాళ్లు తలలు తిప్పారు. హనుమంతు పళ్లెంలోకి చూశాడు. "నేనా?" అన్నాడు ఎల్లేష్, నవ్వడమా వద్దా తెలియక.

కునుకు వదిలిన నర్సక్క లేచి, "అయ్యో, మొగోడు గిట్ల బజార్ల సంచులకాడ కూసుంటడానే? ఏం మాటలే గవి?" అంది.

"కూసోకుంటె ఊకోమను అత్తమ్మా. ఎవలు కూసోకున్నా సంచులు గాడనే ఉంటయి." అలా అని కూతురి వైపు తిరిగింది. "నువ్వు వస్తే రా."

విద్య తండ్రి వైపు చూసింది, తల్లి వైపు చూసింది. ఏం నిర్ణయించుకుంటుందోనని తిరుపతమ్మ ఆగలేదు. ఆగితే తన కాళ్లు కూడా ఆ మెట్ల మీదే కూర్చుంటాయని ఆమెకు భయం. చెప్పులు తొడుక్కుని మెట్లు దిగింది. చేతుల్లో ఏమీ లేదు. ఇంత జనంలో ఖాళీ చేతులతో నడవడం ఆమెకు కొత్త, వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఇంటికి పోయాక ఈ రోజు గురించి ఎన్నాళ్లు మాట పడాలో తెలుసు. ఎల్లేష్ కోప్పడడు, కానీ మూడు రోజులు మాట్లాడడు, అది ఇంకా కష్టం. అవన్నీ తెలిసే నడిచింది.

"ఏ తిరుపతీ!" వెనక నుంచి ఎల్లేష్ కేక. గొంతులో కోపం కంటే బెదురు ఎక్కువుంది. "మల్ల ఎప్పుడొస్తవ్? బండి టైమైతది!"

ఆమె ఆగింది. ఎప్పుడొస్తావని ఇరవై రెండేళ్లలో ఆమెను ఎవరూ అడిగి ఉండలేదు. ఎక్కడికైనా పోతే కదా, అడగడానికి. జవాబు అలవాటు లేదు, అందుకని నిజమే చెప్పింది.

"చూసినంక."