ఒరిజినల్ పంపమన్నారు

నేను ఒక పూతరేకుల కుండను. పుట్టినప్పటి నుంచీ నోరు కిందికి పెట్టుకునే బతికాను. ఆత్రేయపురంలో వీరవేణి పొయ్యి మీద నన్ను బోర్లించి, కింద కొబ్బరాకు మంట పెట్టేది. పల్చటి పిండినీళ్లలో గుడ్డ ముంచి నా వీపున ఒక్క లాగు లాగితే రేకు లేచేది. అందరూ ఆమె చేతిని మెచ్చుకునేవారు. కాలిన వీపు సంగతి ఎవరికీ పట్టేది కాదు, పోనీలెండి.

ఒకనాడు సుహాస్ అనే పెద్దమనిషి వచ్చాడు. ‘పొరుగంగడి’ అని యాప్ పెట్టాడట. పొయ్యి పక్కనే చతికిలబడి రేకులు తిన్నాడు. “అక్కా, నువ్వు చేస్తావు, జనం కొంటారు. మధ్యలో ఎవరూ ఉండరు” అన్నాడు. యాప్‌లో ఆమె దుకాణానికి పెట్టడానికని నాకు ఫొటో తీశాడు. నా పక్కన మామిడిపిందె లాంటి మసిమచ్చ ఉంది, అదీ పడింది. వీరవేణి మురిసిపోయి, స్వీటు షాపులకు వేయడం మానేసింది. ఇక ఇల్లు గడిచేది ఆ యాప్ మీదే.

పొరుగంగడి పెరిగింది, పేరు మాత్రం తరిగి ‘పొరుగో’ అయింది. సుహాస్ ఫోన్ ఎత్తడం మానేశాడు. డబ్బు కట్టినవాళ్లే పైన కనబడతారన్నారు. ఆ తర్వాత వాళ్లే మిషన్ రేకులు చేయించి, డబ్బా మీద నా బొమ్మ అచ్చేసుకున్నారు, మసిమచ్చతో సహా! సిగ్గుండక్కర్లేదా? పైగా ఆ బొమ్మ వాళ్లదట, వీరవేణే దొంగిలించిందట! యాప్‌లో ఆమె దుకాణం తీసేశారు.

వీరవేణి ఫోన్ చేస్తే ఎవరో అమ్మాయి పలికింది.

“ఫొటో మీదే అయితే ఒరిజినల్ పంపండి మేడమ్.”

వీరవేణి నా వంక చూసింది. “ఒరిజినలంటే ఇదేగదండీ! పంపేత్తానండి. చూసుకుని మళ్లీ ఇచ్చేయాలండోయ్!”

కొత్త కుండ మీద రేకు అతుక్కుపోతుంది. నా వీపు నునుపు తేలడానికి ఏళ్లు పట్టింది. అయినా నన్ను ఎండుగడ్డిలో చుట్టి హైదరాబాద్‌లో పొరుగో ఆఫీసుకు పంపేసింది, పిచ్చిది.

అక్కడ నన్ను విప్పి, ముచ్చటపడి, తలుపు దగ్గర బల్ల మీద పెట్టారు. నోరు పైకి! అందులో మట్టి నింపి మనీప్లాంట్ నాటారు. కింద ‘మా మూలాలు’ అని బోర్డొకటి. నిప్పు తప్ప ఎరగని నా కడుపులో ఇప్పుడు బురద.

నిన్న, మొక్కకు నీళ్లు పోసే అమ్మాయి ఫోన్ మోగితే స్పీకర్‌లో పెట్టింది.

“అమ్మా, నా కుండ అందిందాండీ?”

అది వీరవేణి గొంతు! నా వీపుకు పాత పొయ్యి సెగ గుర్తొచ్చింది.

“ఒరిజినల్ ఫొటో రాలేదు మేడమ్. గడువు అయిపోయింది, కేసు మూసేశాం.”

“మరి కుండో?”

“కుండ గురించి ఇక్కడేం లేదు మేడమ్” అంది ఆ పిల్ల, నాలో నీళ్లు పోస్తూనే.

నా నోట్లో మట్టి కొట్టారు, వచ్చేపోయేవాళ్లందరూ చూస్తున్నారు. వీరవేణి నోట్లో కొట్టిన మట్టి ఎవడికి కనబడుతుంది?