మొలతాడుకు కట్టిన పిల్లి

శుక్రవారం పొద్దున గుడివాడ నుంచి రాగిరేకు చుట్ట భుజాన వేసుకుని ప్రకాశరావు చిలకలపూడి కార్ఖానాకు తిరిగొచ్చేసరికి బల్ల మీద పిల్లి లేదు.

పిల్లి అంటే పాలు తాగే పిల్లి కాదు. బొటనవేలంత కంచు పిల్లి. ముందుకాళ్ళు నిటారుగా పెట్టి, తోక పక్కకు చుట్టుకుని, ఊరందరి తప్పులూ తనకు తెలుసన్నట్టు కూర్చుని ఉంటుంది. మెడ వెనకాల దారం ఎక్కడానికి చిన్న బెజ్జం. మూడు వేల ఏళ్ళ కిందట ఈజిప్టు దేశంలో ఎవరో తల్లి తన బిడ్డ మెడలో కట్టిన రక్ష అది. ఆ బిడ్డ పోతే దాంతోనే పాతిపెట్టారట. తవ్వకాల్లో బయటపడి, చేతులు మారి మారి, పారిస్‌లో గొప్పింటి ఆడవాళ్ళకు బట్టలు కుట్టించి అమ్మే ఒక దొరసాని దగ్గరికి చేరింది. ఆవిడకో ఊహ తట్టింది. వచ్చే చలికాలానికి తన గౌన్ల మీద ఈ పిల్లులూ, కప్పలూ, పేడపురుగులూ బంగారు రంగులో మెరవాలని. మనం పేడపురుగు కనిపిస్తే చీపురు వెతుక్కుంటాం. అక్కడ దాన్ని గుండెల మీద పెట్టుకుని విందులకు వెళ్తారట. సరే, వాళ్ళిష్టం.

బంగారం కానిదాన్ని బంగారంలా మెరిపించాలంటే బందరు పక్కన చిలకలపూడిని మించిన ఊరు లేదు కదా. గుడివాడ రైసుమిల్లు వారి అబ్బాయి ఈశ్వరప్రసాద్ బొంబాయిలో ఎగుమతి వ్యాపారం చేస్తున్నాడు. ఆ పిల్లిని అతనే పట్టుకొచ్చాడు. కార్ఖానా యజమాని పిచ్చేశ్వరరావుకు ఇవ్వకుండా, నమూనాలు చేసే మేస్త్రీ ప్రకాశరావు అరచేతిలో పెట్టి వేళ్ళు మూశాడు.

"మీ మాట మీద ఇస్తున్నానండీ మేస్త్రీ గారూ. శనివారం దొరసాని గుడివాడ మా ఇంటికొస్తుంది. మీ చేత్తోనే నా చేతికివ్వాలి. ఇది పోయిందో, పోలీసులొస్తారు. ఈ కార్ఖానా తలుపులు ఇక తెరుచుకోవు."

"నా చేత్తోనే ఇస్తానండీ," అన్నాడు ప్రకాశరావు.

అతని మాటకు ఊళ్ళో అంత విలువ ఉండేది. చర్చిలో ఆదివారం బడి నడిపే మనిషి. అబద్ధమాడడు. తాయెత్తు కట్టుకొచ్చిన పిల్లల్ని వరసగా నిలబెట్టి, దారంలో దేవుడుండడురా అని చెప్పి, కత్తెరతో తెంపి చెత్తబుట్టలో వేసేవాడు. తల్లులు గుడ్లురిమేవాళ్ళు గానీ నోరెత్తేవాళ్ళు కాదు.

అతను పిల్లికి అచ్చు తీసి, ఉన్న రేకుతో గుల్లగా నాలుగైదు నకళ్ళు కొట్టి, రేకు చాలక గుడివాడ వెళ్ళాడు. వెళ్ళేముందు అసలు పిల్లిని బల్ల మీద పెట్టాడే గానీ దాన్ని ముట్టుకోవద్దని ఒక్కరికీ చెప్పలేదు. చెప్పాలని తోచనే లేదు.

"ఏదండీ పిన్నిగారూ, ఇక్కడ పెట్టిన పిల్లి?" అని యజమాని తల్లి సుబ్బరత్నమ్మను అడిగాడు.

"మన పూత పని ధనరాజు నిన్ననే ముంచాడుగా. ఎంత బాగా పట్టిందనుకున్నావు రంగు! అచ్చం మేలిమే."

కొత్త నమూనా ఏదైనా పెద్ద ఎత్తున సరుకు కొట్టే ముందు పూత తొట్టిలో ముంచి రంగు చూడటం ఆ కార్ఖానా పద్ధతి. అలా ముంచిన మొదటి నగను అమ్మరు. ఆ రోజు గుమ్మంలోకి వచ్చిన మొదటి పిల్లతల్లికి ఇచ్చేస్తారు. అట్టిపెట్టుకుంటే అరిష్టమని సుబ్బరత్నమ్మ నమ్మకం. నమూనాలు ఎప్పుడూ ఇంట్లో చేసినవే కాబట్టి ఇన్నేళ్ళూ ఎవరికీ నష్టం లేకపోయింది.

"ఎవరికిచ్చారండీ?"

"ఎండుచేపల పోలమ్మ వచ్చింది, పిల్లాణ్ణి చంకనేసుకుని. సముద్రం ఒడ్డున పాలకాయతిప్ప పోలమ్మ. వాడికి మూర్ఛలట, పాపం. నా చేత్తో నేనే మొలతాడుకు కట్టాను." ప్రకాశరావు ముఖం చూసి ఆవిడ గొంతు తగ్గింది. "నువ్వేమన్నా చెప్పి వెళ్ళావా నాయనా?"

లోపల కుర్చీలో పిచ్చేశ్వరరావు చెమటలు తుడుచుకుంటున్నాడు. "ఒరే ప్రకాశం, పదిహేను కుటుంబాలురా. నువ్వెలా తెస్తావో నాకు తెలీదు," అన్నాడు. అంతకుమించి ఏమనగలడు? ప్రకాశరావు నకలు పిల్లి ఒకదానికి పూత పూయించి, జేబులో వేసుకుని బయల్దేరాడు.

బస్సు పులిగడ్డ దాటి దివిసీమలోకి దిగింది. కిటికీ అవతల ఊడ్పులు సాగుతున్నాయి. ప్రకాశరావుకు అవేమీ కనిపించలేదు. పోలమ్మ ఇవ్వనంటే ఏం చెయ్యాలి? అదే ఆలోచన. అవనిగడ్డ దగ్గరికొచ్చేసరికి ఉపాయం తట్టింది. ఇది శవం మెడలోదమ్మా అంటే చాలు. ఆ ఒక్క ముక్క చెవిన పడిందా, ఏ తల్లయినా కెవ్వున కేకేసి తెంపి విసిరేస్తుంది. పైగా అది నిజం కూడానూ! అబద్ధమాడాల్సిన పనే లేదు. అతనికి ఒక్కసారిగా గుండె తేలికపడింది. కోడూరు దాకా ఆ మాటనే నమ్ముకుని కూర్చున్నాడు.

కోడూరులో జట్కా ఎక్కి, అది ఆగిపోయిన చోటి నుంచి ఇసుకలో కాళ్ళీడ్చుకుంటూ పాలకాయతిప్ప చేరేసరికి పొద్దు వాలుతోంది. పోలమ్మ గుడిసె ముందు ఎండుచేపలు ఎత్తుతోంది. పిల్లాడు నులకమంచం మీద పడుకుని ఉన్నాడు. నల్ల మొలతాడు, దానికి పసుపు రాసిన ముడి, ముడి కింద బంగారు పిల్లి.

"మేస్త్రీ గారా! ఇంత దూరం వచ్చారేంటండీ?"

ప్రకాశరావు సంగతి చెప్పాడు. పొరపాటున ఇచ్చారనీ, అది వేరేవాళ్ళ సొత్తనీ, అచ్చం అలాంటిదే తెచ్చాననీ. వలలు బాగుచేసుకుంటున్న మగవాళ్ళు లేచి ఒక్కొక్కరే చుట్టూ చేరారు. పోలమ్మ మరిది చేతిలో తెడ్డు అలాగే ఉంది.

"మొలతాడుకు కట్టింది విప్పమంటాడేంటొదినా ఈయన?"

పోలమ్మ నకలు పిల్లిని ఒక అరచేతిలో పెట్టుకుని, రెండో చేత్తో కొడుకు మొలకున్న పిల్లిని కాస్త ఎత్తి చూసింది.

"ఇది తేలిగ్గా ఉందండీ. గుల్లది."

"ఏదైతేనేం పోలమ్మా? ఆ లోహంలో ఏ మహిమా లేదు. పిల్లాణ్ణి బందరు పెద్దాసుపత్రికి తీసుకురా, నేను దగ్గరుండి చూపిస్తాను."

"చూపించానండీ. మాత్రలిచ్చారు. మాత్రలూ వేస్తన్నా, పిల్లినీ కట్టా. నిన్నటి నుంచి మూర్ఛ రాలేదు. ఏది పనిచేసిందో నాకెందుకండీ?" అని ఆగి, అతని ముఖంలోకి చూసింది. "అందులో ఏమీ లేదంటన్నారుగా. అయితే ఈ తేలికదే ఆ దొరసానికివ్వండి."

ఆదివారం బడిలో ఇన్నేళ్ళుగా ఏ పిల్లాడూ అడగని ప్రశ్న అది.

అంతలో పిల్లాడు మూలిగాడు. పోలమ్మ పరుగున వెళ్ళి నుదుటి మీద చెయ్యి వేసింది. "మళ్ళీ వెచ్చబడిందయ్యా," అంది. జ్వరం తగిలితే వెనకాలే మూర్ఛ వస్తుంది. ఆమె చెయ్యి తనకు తెలియకుండానే జారి, మొల దగ్గరి పిల్లిని గుప్పిట పట్టుకుంది.

ఆఖరి జట్కా కూడా వెళ్ళిపోయే వేళయింది. తెడ్డు పట్టుకున్న మరిది ఒకడుగు ముందుకేశాడు. ఇప్పుడు అనాలి ఆ మాట. శవం మెడలోదమ్మా. ప్రకాశరావు నోరు తెరిచాడు కూడా. ఆ గుప్పిట చూశాడు. మాట అంటే తన పని అయిపోతుంది. కానీ ఈ రాత్రి మూర్ఛ వస్తే? రేపు ఈ పిల్లాడికి ఏదైనా అయితే? చచ్చిన బిడ్డ రక్షను నా బిడ్డకు నేనే కట్టనిచ్చానని ఈ తల్లి బతికినన్నాళ్ళూ గుండెలు బాదుకుంటుంది. ఎంత నిజమైతే మాత్రం, ఆ మాట పామై ఈ ఇంట్లో తిరుగుతూనే ఉంటుంది. తన మీద తనకే అసహ్యం వేసింది. బస్సులో అంత సంబరపడ్డాడే!

"పోలమ్మా, నేను మాటిచ్చానమ్మా," అన్నాడు చివరికి. "నా చేత్తో తిరిగిస్తానని చెప్పాను. ఇవ్వకపోతే కార్ఖానా మూతపడుద్ది. తప్పు పిన్నిగారిది కాదు, నాది. నువ్వు ఇవ్వనంటే లాక్కోను. ఇంతకన్నా చెప్పడానికి నా దగ్గరేమీ లేదు."

పోలమ్మ కొడుకు నుదురు కొంగుతో తుడిచి ఇటు తిరిగింది.

"మీరు ప్రార్థన చేసే మనిషేగా? ఆ మధ్య ధనరాజు పడకేసినప్పుడు చేస్తుంటే చూశాను."

"అవును."

"మాట తప్పితే మీ దేవుడు మీ ప్రార్థన ఇంటాడా?"

"ఏ మొహం పెట్టుకుని అడగను?"

పోలమ్మ ముడి విప్పింది. బిగుసుకున్న చోట పళ్ళతో లాగింది. బరువు పిల్లిని అతని చేతిలో పెట్టి, తేలికదాన్ని కూడా పక్కనే పెట్టింది.

"తీసుకెళ్ళి ఇచ్చెయ్యండి. దీని మీద మాత్రం చెయ్యేసి ప్రార్థన చెయ్యండి. మాట నిలబెట్టుకునే మనిషి ప్రార్థన చేసిన పిల్లి నాకు కావాలి."

కత్తెరతో తాయెత్తులు తెంపిన చెయ్యి అది. ఆ చేతిలో రేకు పిల్లిని పెట్టుకుని, బెస్తవాళ్ళందరూ చూస్తుండగా ప్రకాశరావు ఇసుకలో మోకాళ్ళూనాడు. ప్రభువా, ఈ రేకులో ఏమీ లేదు, అది నీకూ తెలుసు, నాకూ తెలుసు, ఈ తల్లికి మాత్రం తెలియనివ్వకు, పిల్లాణ్ణి బతికించు. ఇదంతా మనసులోనే. పైకి ఆమేన్ అనబోతే ఏడుపొచ్చేసింది. పెద్దవాడు అలా ఏడుస్తుంటే మరిది తెడ్డు కిందపెట్టి తల తిప్పుకున్నాడు. పోలమ్మ తేలిక పిల్లిని పిల్లాడి మొలకు కట్టింది. ఒళ్ళు కాలిపోతోంది వాడికి.

మర్నాడు గుడివాడలో, ఈశ్వరప్రసాద్ గారింటి వరండాలో, ప్రకాశరావు తన చేత్తోనే పిల్లిని అతని చేతిలో పెట్టాడు. బంగారు పూత చూసి ఈశ్వరప్రసాద్ ముఖం నల్లబడింది. "ఎంత పని చేశారండీ!" అని పళ్ళు నూరాడు. దొరసాని మాత్రం దాన్ని వెలుతురులోకి పట్టుకుని చాలాసేపు చూసి, నవ్వి ఏదో అంది. తన గౌన్ల మీద ఎలా మెరవాలనుకుందో అలాగే ఉందట, పని మొదలుపెట్టమంది. కార్ఖానా నిలబడింది, మాట నిలబడింది.

అంతలో ఆవిడ నవ్వు ఆగింది. పిల్లి మెడ వెనక బెజ్జంలోంచి గోటితో ఏదో లాగింది. పసుపంటిన నల్ల దారప్పోగు.

"దీన్ని ఎవరైనా కట్టుకున్నారా అని అడుగుతోంది," అన్నాడు ఈశ్వరప్రసాద్.

"కట్టుకున్నాడండీ. ఒక పిల్లాడు."

అది చెప్పగానే ఆవిడ ముఖం పాలిపోయింది. అంతకుముందు దాన్ని కట్టుకున్న బిడ్డ సంగతి ఆవిడకు తెలుసు కదా. గబగబా ఏదో అడిగింది.

"ఆ పిల్లాడు ఎలా ఉన్నాడంటోంది."

"బతికే ఉన్నాడండీ," అన్నాడు ప్రకాశరావు.

పాలకాయతిప్ప నుంచి అతనికి ఏ కబురూ రాలేదు. వాడు ఎలా ఉన్నాడో అతనికి తెలియదు. జీవితంలో ఎన్నడూ అబద్ధమాడని మనిషి ఆ మాట మళ్ళీ అన్నాడు, ఈసారి దొరసాని వైపు చూడకుండా, కళ్ళు మూసుకుని. "బతికే ఉన్నాడు."