కూర్చుంటే వచ్చే నొప్పి

అంట్లన్నీ తోమి కాస్త కుర్చీలో కూలబడగానే ఛాతీ బిగదీసిందన్నాను. “అయితే కూర్చోకు,” అన్నారు అత్తగారు. అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది, ఆ తర్వాత ఒళ్లు మండింది.

నా నొప్పికి బొత్తిగా లోకజ్ఞానం లేదు. నేను బడిలో డ్రిల్లు టీచర్ని. పిల్లలతో మైదానం చుట్టూ పరుగెత్తినప్పుడు రాదు, సరుకుల సంచులు మోసుకుంటూ మెట్లెక్కినప్పుడు రాదు. తెల్లవారుజామున పక్కమీదో, పనంతా తెమిలాక కుర్చీలోనో వస్తుంది, గుండెను ఎవరో పిడికిట్లో పెట్టి పిండినట్టు. “ఇంతలా పరిగెత్తే మీకు గుండెజబ్బేంటి మేడమ్!” అని మా హెడ్మాస్టరు వేళాకోళం. గుండె నాళాల్లోకి రంగు ఎక్కించి ఫొటోలు తీస్తే ఎక్కడా అడ్డు లేదు. ఇక మావారిని పట్టుకోలేకపోయాం. “పని చేస్తే రాదట, కూర్చుంటేనే వస్తుందట! ఇంత తెలివైన జబ్బు ఎక్కడైనా ఉందా?” అని వచ్చినవాళ్లందరినీ నవ్వించారు. ఆయన చెడ్డవాడేం కాదు. నా ఛాతీ సంగతి నాకన్నా తనకే బాగా తెలుసనుకున్నారు, అంతే. కొన్నాళ్లకు నన్ను నేనే నమ్మడం మానేశాను. నొప్పి రాగానే లేచి ఇల్లు ఊడ్చేదాన్ని. ఒకరోజు చీపురు చేతిలో ఉండగానే కళ్లు తిరిగి గోడవారగా జారిపోయాను. మర్నాడు ఎవరికీ చెప్పకుండా ఇంకో డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను.

ఆవిడ నవ్వలేదు. “కొంతమందికి నాళంలో అడ్డేమీ ఉండదమ్మా. నాళమే ఉన్నట్టుండి ముడుచుకుపోతుంది. ఎక్కువగా విశ్రాంతిగా ఉన్నప్పుడే. మందు ఎక్కించి ఆ నొప్పిని మా ముందే రప్పించి చూద్దామా?” అన్నారు.

ఇంట్లో చెబితే, “లేని జబ్బు కొనితెచ్చుకుంటావా?” అని మావారు కేకలేశారు. అయినా పరీక్షరోజు ఆసుపత్రికి వెంట వచ్చి బయట కూర్చున్నారు.

బల్లమీద పడుకోగానే భయం వేసింది. నొప్పి వస్తుందని కాదు, రాదేమోనని. రాకపోతే ఇక ఆ ఇంట్లో జన్మలో నోరెత్తలేను.

వచ్చింది. తెరమీద నాళం దారంలా సన్నబడిపోయింది.

“ఇదేనా?” అన్నారు డాక్టరమ్మ.

“ఇదే!” అన్నాను పళ్లు బిగబట్టి. అంత నొప్పిలోనూ పందెం గెలిచినంత గర్వంగా ఉంది. వెంటనే విరుగుడు మందు ఇచ్చారు. నాళం మెల్లగా విచ్చుకుంది, ఊపిరి తేలికైంది.

“మీవారిని లోపలికి పిలిచి ఇది చూపించమంటారా?”

ఈ మాట కోసం ఎన్ని తెల్లవారుజాములు కలలు కన్నానో! తీరా అడిగితే ఆయన ముఖం గుర్తుకే రాలేదు.

“వద్దు డాక్టరుగారూ,” అన్నాను. “నేను చూశాను కదా.”